మంత్రిగారి ఎర్ర ముక్కు

జయమణిగారు విండ్సర్‌లో ఒక పటాల ఫ్రేముల షాపులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నారు. అంతకుముందు తెనాలి దగ్గర మిషన్ బడిలో డ్రాయింగ్ టీచరు. ఆవిడకు కారు లేదు గనుక గురువారం ప్రార్థన కూటానికి నేనే తీసుకువెళతాను. నేను పని నుంచి తినకుండా వస్తానని ఆవిడకు తెలుసు. కారెక్కగానే నా చేతిలో ఏదో ఒక పొట్లం పెడతారు.

ఆ గురువారం పొట్లం లేదు. షాపు వెనక గదిలో బల్ల ముందు నిలబడి ఉన్నారు. చేతిలో తడి దూది, దాని మీద ఎరుపు.

బల్ల మీద త్యాగరాజుగారు తెచ్చిచ్చిన బొమ్మ ఉంది. ఆయన రిటైరైన హిస్టరీ ప్రొఫెసరు. రెండు వందల ఏళ్లు దాటిన ఇంగ్లండు కార్టూను బొమ్మ అది. రాగిరేకు మీద చెక్కి, అచ్చువేసి, చేత్తో రంగులద్దినది. కుండలాంటి పొట్టతో పార్లమెంటులో కునికే మంత్రి. శనివారం లైబ్రరీలో చూపించాలని ఫ్రేముకిచ్చారు.

"మరకనుకున్నానమ్మా," అన్నారు జయమణిగారు. "మా బడిలో నాయకుల పటాలు ప్రతి సోమవారం నేనే తడిగుడ్డతో తుడిచేదాన్ని. అంత పెద్దమనిషి ముక్కు మీద ఎరుపుంటే ఎవరో ఒలకబోశారనుకున్నా. తుడిచాక కింద అక్షరాలు చదివా. తాగుబోతు మంత్రి అంట. ఎగతాళంతా ఆ ముక్కులోనే ఉంది."

షాపు ఓనరు ఎమిలీ కిందటేడు ఒక చిత్రం చిరిగిందని ఒకమ్మాయిని ఆ రోజే పని మాన్పించింది. ఈ వయసులో జయమణిగారికి ఇంకో ఉద్యోగం దొరకదు. త్యాగరాజుగారు రావడానికి పావుగంట ఉంది.

నా నోట వచ్చిన మాట దాచను. "కాస్త ఎర్రరంగు అద్దేయండి ఆంటీ. ఎవరికి తెలుస్తుంది?"

ఆవిడ రంగుల డబ్బా తెరిచారు. కుంచె తడిపారు. ముక్కుకు వెంట్రుకవాసి దూరంలో కుంచె ఆగిపోయింది. అప్పుడే ముందు గదిలో తలుపు గంట మోగింది.

కుంచె కింద పెట్టి, బొమ్మను రెండు చేతులా పట్టుకుని ముందుకు నడిచారు. కౌంటరు దగ్గర త్యాగరాజుగారితో పాటు ఎమిలీ కూడా ఉంది.

"త్యాగరాజుగారూ, ముక్కు మీద రంగు నేనే తుడిచేశానండి, మరకనుకుని." అదే మాట ఎమిలీకి ఇంగ్లీషులో చెప్పారు.

ఆయన భూతద్దం తీసి చాలాసేపు వంగి చూశారు. నేను లోలోపల ప్రభువును పిలుస్తూనే ఉన్నాను. నేనిచ్చిన సలహా ఆ ప్రభువూ విన్నాడు గనుక సిగ్గుపడుతూనే పిలిచాను.

"ఇరవై ఏళ్లు దాచుకున్నానమ్మా దీన్ని," అన్నారు త్యాగరాజుగారు. గొంతులో కోపం ఉంది. "మళ్లీ రంగేమన్నా వేశారా?"

"వెయ్యబోయానండి. వెయ్యలేదు."

"వేసుంటే నాకు తెలిసేది. ఇంకే బొమ్మా మీ చేతికిచ్చేవాణ్ణి కాదు." ఆయన భూతద్దం మడిచారు. "ప్రతిపక్షమంతా కలిసి ఈయన తాగుడు మాన్పించలేకపోయింది. మీరు దూదితో మాన్పించారు."

ఎవరూ నవ్వలేదు. ఆయన సంచిలోంచి ఇంకో బొమ్మ తీసి ఆవిడ ముందుంచారు.

"ఇదీ శనివారానికే. ఈయన బుగ్గ మీద పులిపిరి ఉంది. దాన్ని ఉండనివ్వండి."

ఎమిలీ ఒక్క క్షణం ఆయన వంక, ఆవిడ వంక చూసింది. ఆర్డరు కాగితం తీసి, పనిచేసేవారి పేరు దగ్గర జయమణి అని రాసింది.