మోకాళ్ల నొప్పుల వ్యాసంలో నేను రాయనిది

డాక్టరుగా రిటైరయ్యాక ఆరోగ్యం మీద వ్యాసాలు రాస్తున్నాను. మోకాళ్ల నొప్పులకు రోజూ నడవమని రాసినదాన్ని మా మదీనాగూడ అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకు కూడా అంటించాను. ఈ రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేక రెండో వాచ్‌మన్ రాలేదు. నిన్నటి నుంచి డ్యూటీలోనే ఉన్న యాదయ్య ఆ వ్యాసం చదువుతూ కనిపించాడు.

"ఎలా ఉంది యాదయ్యా?"

"మంచిగ రాసిండ్రు సార్. గని పొద్దంత నిలవడెటోళ్లు ఏం జెయ్యాలె? గది రాయలే."

ప్యాంటు పైకి లాగమన్నాను. పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. రెండేళ్లుగా రోజూ అతని నమస్కారం అందుకుంటున్న డాక్టర్ని నేను! ఇంట్లోంచి కుర్చీ తెచ్చి కూర్చోబెట్టాను.

"సెక్రటరీ సార్ గరమైతడు," అన్నాడు లేవబోతూ.

వెళ్లి సెక్రటరీతో మాట్లాడాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. వ్యాసం మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను. మీ గేటు దగ్గర మనిషి కూర్చునే వీలుందా?