మెతుకు లేని భోజనం

ఈ ఉదయం పాలు విరిగాయి. కార్డిఫ్‌లో ఎండ కాయడమే అరుదు, కాసిన ఈ వారంలోనే మా ఆయన పాల డబ్బా బయట మర్చిపోయాడు. తన తప్పు ఒప్పుకోవడం ఆయనకు ఇంటా వంటా లేదు కాబట్టి నెపం ఫ్రిజ్ మీదికి పోయింది. కాఫీ కోసం పొయ్యి మీద పెట్టగానే పాలు తరకలు తరకలుగా విడిపోయాయి. సింకులో పారబోయబోతూ ఆగిపోయాను. చెయ్యి దానంతట అదే నిమ్మచెక్క కోసం, పల్చటి గుడ్డ కోసం వెతికింది. అంతా వడకట్టి, మూట కట్టి, కుళాయికి వేలాడదీశాక గుర్తొచ్చింది, అది తినవలసిన మనిషి ఇప్పుడు లేడని. మా ఆయన వచ్చి ఆ మూట చూసి హాల్లోకి వెళ్ళిపోయాడు.

తినవలసిన ఆ మనిషి మా అన్నయ్య. తెనాలి దగ్గర పుట్టి, లండన్ పక్కనున్న వాట్‌ఫర్డ్‌లో ఇల్లు కొని, జీవితమంతా కంప్యూటర్ ముందు కూర్చుని సంపాదించాడు గానీ నాలుక మాత్రం తెనాలి పొలిమేర దాటలేదు. పిజ్జా తిన్నా, బిర్యానీ తిన్నా, పెళ్ళిలో ఆకు నిండా తిన్నా చివర పెరుగన్నం పడకపోతే అన్నయ్య లెక్కలో అది భోజనం కాదు, టిఫిను. పెరుగన్నంలోకి ఆవకాయ ముక్క నంజుకుని, కంచం అంచు వేలితో తుడిచి, హమ్మయ్య అనేవాడు. ఆ హమ్మయ్య వినిపిస్తే గానీ వదిన వంటింట్లోంచి వచ్చి తన కంచం పెట్టుకునేది కాదు. ఎందుకొదినా, కలిసి తినొచ్చుగా అంటే నవ్వేది. నాకది ఒళ్ళు మండే విషయం, ఆవిడకు మాత్రం రోజుకు రెండుసార్లు దొరికే మెచ్చుకోలు.

అన్నయ్యకు జబ్బు చెయ్యకముందు వేసవిలో వాట్‌ఫర్డ్ తెలుగువాళ్ళు కొందరు కలిసి ఇటలీ ప్రయాణం పెట్టుకున్నారు. మా ఆయనకు బస్సు పడదు. అందుకని అన్నయ్యా వదినలతో నేనొక్కదాన్నే వెళ్ళాను. పెట్టెల్లో బట్టల కంటే పచ్చళ్ళు ఎక్కువ. బస్సు ఆగిన ప్రతి ఊళ్ళోనూ మనవాళ్ళ మొదటి ప్రశ్న టాయిలెట్ ఎక్కడని, రెండోది రైస్ దొరుకుతుందా అని. మూడోది ఆ ఊరి పేరు. అన్నయ్య ఏకంగా రైస్ కుక్కరే తెచ్చుకున్నాడు. హోటల్ వాళ్ళ కంట పడకుండా దాన్ని స్నానాల గదిలో దాచి, గదిలోకి ఆవిరి రాకుండా తలుపు కింద తువ్వాలు కుక్కేవాడు. వదిన సిగ్గుతో చచ్చిపోయేది, తర్వాత తనూ తినేది.

బొలోన్యా దాటాక ఒక కొండ వాలున ఉన్న రైతుల ఇంటికి మధ్యాహ్న భోజనానికి తీసుకెళ్ళారు. కూర్చుంటే వడ్డిస్తారనుకున్నాం. వాళ్ళేమో తలా ఒక ఏప్రన్ కట్టి బల్ల ముందు నిలబెట్టారు. ఆ పూట ఎవరి భోజనం వాళ్ళే వండుకోవాలట. ఆ ఇంటావిడకు నా వయసుంటుంది, మోచేతుల దాకా పిండి. పెద్ద గిన్నెలో పాలు కాచి అందులో నిమ్మరసం పిండింది. మనవాళ్ళలో ఒకావిడ అయ్యో అంది. మనం పాలు విరిగితే ఏడుస్తాం, వీళ్ళు విరగ్గొట్టుకుని మరీ సంతోషిస్తున్నారు. ఆ తరకల్ని గుడ్డలో వడకడితే మెత్తటి తెల్లటి ముద్ద, అదే రికోటా. అందులో గుడ్డు సొన, తురిమిన చీజ్, పిసరంత జాజికాయ, చారెడు పిండి. ఆ చారెడు దగ్గరే ఉంది అసలు విద్య. పిండి తక్కువైతే నీళ్ళలో విడిపోతుంది, ఎక్కువైతే రాయి అవుతుంది. ముద్ద మీద పెత్తనం చెయ్యకండి, పట్టీ పట్టనట్టు పట్టుకోండి అని ఆవిడ గైడ్ చేత చెప్పించింది. చిన్న చిన్న ఉండలు చేసి మరిగే నీళ్ళలో వేస్తే మునిగి, కాసేపటికి వాటంతట అవే పైకి తేలాయి. పక్క పొయ్యి మీద టమాటాలు, ఆలివ్ నూనె, ఇంకేదో ఆకు. అంతే, కారం లేదు. తాలింపు ఎప్పుడు వేస్తారని ఒక ఆంటీ అడిగితే గైడ్‌కు అర్థం కాలేదు. రుచి చూడమని ఇంటావిడ చెక్క గరిటె అందరి నోటి ముందుకీ తెచ్చింది. అది మళ్ళీ గిన్నెలోకే వెళ్తుందని తెలిసి ఎంగిలని అందరూ వెనక్కి జరిగారు. అన్నయ్య ఒక్కడే జంకు లేకుండా నోరు తెరిచాడు.

చిత్రమేమిటంటే, ఇంట్లో ఏనాడూ మంచినీళ్ళు ముంచుకుని ఎరగని అన్నయ్యకే ఆ విద్య పట్టుబడింది. నావి రాళ్ళయ్యాయి, వదినవి నీళ్ళలో కరిగాయి. అన్నయ్యవి దూది ఉండల్లా తేలాయి. ఇంటావిడ వచ్చి అన్నయ్య చెయ్యి పైకెత్తి అందరికీ చూపించింది. "కుడుములే అమ్మడూ, ఏముందిందులో," అన్నాడు నాతో, ముఖం మాత్రం వెలిగిపోతోంది. నాకు పౌరుషం వచ్చి అన్నయ్యను పక్కన నిలబెట్టుకుని నేర్పించుకున్నాను, రెండో వాయికి నావీ తేలాయి. ద్రాక్ష పందిరి కింద కూర్చుని తిన్నాం. ఆ తిండి అంత బాగుంటుందని నేను అనుకోలేదు. అన్నయ్య రెండుసార్లు పెట్టించుకుని, చివర చెంచా కింద పెట్టి, "అంతా బాగానే ఉంది గానీ, కాసిని పెరుగు మెతుకులు పడుంటే," అని నిట్టూర్చాడు. సాయంత్రం హోటల్లో కుక్కర్ పెట్టేసరికి ఫ్యూజు పోయి ఆ అంతస్తంతా చీకటైంది. ఆ ప్రయాణం గురించి ఎవరు మాట్లాడినా ఆ చీకటి గురించే చెప్పి నవ్వేవాళ్ళం.

చలికాలంలో అన్నయ్యకు స్ట్రోక్ వచ్చింది. ఆఫీసుకు బయల్దేరుతూ బూటు లేసు కట్టుకుంటూ పక్కకు ఒరిగిపోయాడట. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దైంది, మింగడం పాడైంది. మింగడం కూడా పాడవుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఉద్యోగానికి సెలవు పెట్టి వాట్‌ఫర్డ్ వెళ్ళాను. వార్డులో మింగడం సంగతి చూసే ఒక థెరపిస్టు ఉంది, అన్నయ్య కొడుకు, మా మేనల్లుడి ఈడు పిల్ల. ఓపిగ్గా చెప్పింది. తినేది మెత్తగా, తడిగా, ఒకే ముద్దగా ఉండాలి. నోట్లో విడిపోయేది ఏదైనా గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అన్నం మాత్రం అసలు వద్దు, మెతుకు మెతుకూ విడిపోతుంది. "మెత్తగా పిసికి, పెరుగు కలిపి పెడితేనో?" అని అడిగింది వదిన. మళ్ళీ పరీక్ష చేసేదాకా ఎలాగైనా సరే వద్దంది. వదిన తలూపింది గానీ, ఆ పిల్ల చెప్పినది ఆవిడ చెవికి ఎక్కిందే తప్ప మనసుకు ఎక్కలేదని నాకు అప్పుడే అనిపించింది. అన్నం వల్ల మనిషికి ప్రమాదమనే మాట మన భాషలో ఎవరు విన్నారు కనుక.

ఇంటికి తెచ్చాక సూపర్ మార్కెట్ నుంచి తెచ్చిన మెత్తటి భోజనాలు పెట్టి చూశాం. అన్నయ్య పసిపిల్లాడిలా మొహం తిప్పేసుకున్నాడు. మనిషి కళ్ళ ముందే చిక్కిపోతున్నాడు. అప్పుడు నాకు ఆ కొండ వాలు ఇల్లు గుర్తొచ్చింది. పాలు కాచాను, విరగ్గొట్టాను, వడకట్టాను. చారెడు పిండి కంటే తక్కువ వేశాను. తేలిన ఉండల్ని టమాటా రసంలో ఫోర్కుతో మెదిపి, ఆస్పత్రికి పట్టుకెళ్ళి ఆ థెరపిస్టుకు చూపించాను. ఆవిడ నొక్కి చూసి, చెంచాతో ఎత్తి ఒంపి చూసి, ఇది పెట్టొచ్చంది. నిటారుగా కూర్చోబెట్టి, చెంచా చెంచాకీ మధ్య ఆగి పెట్టమంది. మొదటి చెంచా మింగాక అన్నయ్య నా వంక చూశాడు. ఎడమ చెయ్యి కాస్త ఎత్తి, వేళ్ళు దగ్గరకు చేర్చి ఉండ చుడుతున్నట్టు తిప్పాడు. ముద్దగా ఏదో అన్నాడు. కుడుములు అన్నాడని మేనల్లుడు పట్టేశాడు. ఆ పూట వంటింట్లోకి వెళ్ళి గట్టిగా ఏడ్చాను, సంతోషంతోనే.

రోజూ పొద్దున పాలు విరగ్గొట్టడంతో ఆ ఇల్లు మొదలయ్యేది. ఒకనాడు పాలకూర మెత్తగా రుబ్బి కలిపాను, ఒకనాడు గుమ్మడికాయ. అన్నయ్య బుగ్గలు మళ్ళీ కనిపించడం మొదలైంది. కానీ మాటలన్నీ ముద్దైపోయిన ఆ నోట ఒక్క మాట మాత్రం స్పష్టంగా వచ్చేది. అన్నం. కుడుములు తినిపించి మూతి తుడిచాక, కళ్ళు వదిన వైపు తిప్పి, అన్నం అనేవాడు. కోపంగా కాదు, మర్చిపోయావేమోనన్నట్టు. వదిన అక్కడ నిలబడలేక వెళ్ళిపోయేది.

ఊళ్ళో తెలుగువాళ్ళు మంచివాళ్ళు. వంతులు వేసుకుని మరీ కేరియర్లు పంపేవాళ్ళు. పులిహోర, పప్పన్నం, కొబ్బరన్నం, అన్నీ మేమే తినేవాళ్ళం, అన్నయ్యకు కనపడకుండా వంటింట్లో నిలబడి. చూడ్డానికి వచ్చినవాళ్ళకు సంగతి చెప్తే తలూపేవాళ్ళు, తలూపి మళ్ళీ అన్నం ఎప్పుడు పెడతారనే అడిగేవాళ్ళు. ఒక పెద్ద ఆంటీ అన్నయ్య మంచం పక్కన కూర్చుని, ఆ నోట అన్నం అనే మాట విని, కళ్ళు తుడుచుకుని వదినతో అంది: "ఎన్నాళ్ళమ్మా ఈ పాల ముద్దలతో? నాలుగు మెతుకులు లోపలికి పోకుండా మనిషెట్టా లేస్తాడు? మొగుడు నోరు తెరిచి అన్నం అడుగుతుంటే పెట్టలేకపోతే ఎట్టా తల్లీ." నేను కల్పించుకుని డాక్టర్లు వద్దన్నారని గట్టిగానే చెప్పాను. "డాక్టర్లకేం తెలుసమ్మాయ్, వాళ్ళు బ్రెడ్డు తినేవాళ్ళు," అంది. ఆవిడ వెళ్ళాక వదిన చాలాసేపు పొయ్యి ముందు ఊరికే నిలబడింది. అప్పటికి నా సెలవు అయిపోవచ్చింది. వదినకు ఉండలు చెయ్యడం చేతికి వచ్చింది, తనవి నావాటి కంటే బాగా తేలుతున్నాయి. ఆ ధైర్యంతో కార్డిఫ్ వచ్చేశాను.

తర్వాతి సంగతి వదిన చెప్పిందే. మధ్యాహ్నం కుడుములు పెట్టబోతే అన్నయ్య పళ్ళు బిగించుకుని అన్నం అన్నాడట. వదిన వెళ్ళి మెతుకు కనపడకుండా మెత్తగా పిసికింది, మీగడ పెరుగు కలిపింది. చెంచాతో కాదు, చేత్తో పెట్టింది. తిన్నాడు. హాయిగా కళ్ళు మూసుకుని ఇంకా ఇంకా అని నోరు తెరిచాడు. ఆఖరి ముద్దకు పొలమారింది. వదిన మాడు మీద తట్టి, "ఎవరో తలుచుకుంటన్నారు మిమ్మల్ని," అంది. మనవాళ్ళం ఎవరమైనా అంతే కదా అంటాం, పొలమారితే. దగ్గు ఆగింది. హమ్మయ్య అన్నాడట కూడా. మర్నాటికి జ్వరం, ఆ పై రోజుకు ఊపిరి అందలేదు.

ఆస్పత్రిలో డాక్టరు ఏం తిన్నాడని అడిగితే వదిన దాచలేదు. "నేనే పెట్టాను. అన్నం పెట్టాను," అని ఇంగ్లీషులో, తెలుగులో, రెండిట్లోనూ చెప్పింది. దానివల్లేనని చెప్పలేం, కాదనీ చెప్పలేం, ఇలాంటివాళ్ళకు సొంత ఉమ్మే ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు అన్నాడాయన. ఆ మాట ఆవిడకు ఓదార్పు కాలేదు, నాకూ కాలేదు. వారం తిరక్కుండా అన్నయ్య పోయాడు. నాకు వదిన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చెప్పి చెప్పి, చేసి చూపించి, చేతిలో పెట్టి వస్తే ఇలా చేసిందే అని లోపల రగిలేది. ఫోన్ చేసేదాన్ని, బాగున్నావా అంటే బాగున్నానని, తిన్నావా అంటే తిన్నానని, అక్కడితో సరి. ఆవిడా నన్ను క్షమించమని అడగలేదు, అడిగితే ఏమనేదాన్నో నాకే తెలియదు.

పోయిన చలికాలంలో సంవత్సరీకం చేశారు. హాల్లో కార్పెట్ మీద పాత దుప్పటి పరిచి, మోగకుండా స్మోక్ అలారానికి ప్లాస్టిక్ కవరు కట్టి, మేనల్లుణ్ణి పంచెతో కూర్చోబెట్టారు. పురోహితుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసుకెళ్ళే మనిషే, నెమ్మదస్తుడు. వంటింటి గుమ్మం దాకా వచ్చి, "పిండాలకు అన్నం కాస్త మెత్తగా వండండమ్మా. మెతుకులు విడిపోకూడదు, ముద్ద ఒకటిగా నిలవాలి," అని చెప్పి వెళ్ళాడు. వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. నా వంక చూసింది. ఆ థెరపిస్టు పిల్ల వార్డులో చెప్పిన మాట మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

అన్నం ఉడికింది. వదిన దాన్ని పళ్ళెంలోకి వంచి, నువ్వులు, నెయ్యి వేసి, చేత్తో మెదపడం మొదలుపెట్టింది. మెదిపి మెదిపి, ఒక్క మెతుకు కూడా మిగలనిచ్చేలా లేదు. హాల్లోంచి మేనల్లుడు, "మామ్, దే ఆర్ వెయిటింగ్," అని పిలిచాడు. అయినా కదల్లేదు. చాలు వదినా, తీసుకెళ్ళు అన్నాను. పళ్ళెం రెండు చేతుల్తో ఎత్తుకుని, గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నన్ను అడిగింది.

"ఇప్పుడు పెట్టొచ్చు గదా, అమ్మాయ్?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. "పెట్టొచ్చు వదినా," అన్నాను. ఆవిడ వెళ్ళి కొడుకు ముందు పళ్ళెం పెట్టి, పక్కనే కూలబడింది. వాడు ముద్ద చుట్టి దర్భల మీద పెడుతుంటే, అప్పట్లో మంచం మీది అన్నయ్య ప్రతి చెంచా మింగేదాకా చూసినట్టే కళ్ళార్పకుండా చూసింది. కాలం అన్నీ మరిపిస్తుందని పెద్దలంటారు. మా ఇంట్లో అది ఏదీ మరిపించలేదు. అన్నయ్య అడిగిందాన్ని ఏడాది ఆలస్యంగా, భయం లేకుండా పెట్టనిచ్చింది, అంతే.