బొమ్మ చెరువులో గట్టయ్య గాలం

హనుమకొండ బజారులో రేడియోలు బాగుచేసే వీరభద్రానికి లోకం మొత్తంలో ఇద్దరి మీదే గౌరవం ఉండేది. ఒకరు తనకు ఆ పని నేర్పిన ముసలాయన, ఆయన ఎప్పుడో పోయారు. రెండోవాడు వర్ధన్నపేట దగ్గరి పల్లెలో కూలిపని చేసుకునే గట్టయ్య. మిగిలిన మనుషులందరినీ వీరభద్రం నోటికొచ్చినట్టు తిట్టేవాడు. గట్టయ్య వచ్చి తన దుకాణం మెట్టెక్కితే మాత్రం తానే లేచి స్టూలు జరిపేవాడు.

ఆ గౌరవం డెబ్భై నాలుగులో పుట్టింది. బాగుచేసిన ట్రాన్సిస్టర్ ఇచ్చి వద్దామని ఆ పల్లెకు పోయి, చెరువు ఒడ్డున గట్టయ్య పక్కన కాసేపని కూర్చున్న వీరభద్రం పొద్దుగూకే దాకా లేవలేదు. ఒడ్డు మీద మిగతావాళ్లు చేప ఎగిరిన చోటికల్లా గాలం విసురుతున్నారు. గట్టయ్య మాత్రం దారానికి సీసపు గుండు కట్టి నేరుగా అడుగుకు దింపాడు. గుండు నేలను తాకినప్పుడు వేలికి తెలిసే అదురును బట్టి అక్కడ బురద ఉందో, మొరం ఉందో చెప్పేశాడు.

"పెద్ద చేప మీద మీద తిరగది సేటూ. అడుక్కు మూతి పెట్టి మేత్తది," అన్నాడు.

తవుడు, పల్లిచెక్క, చిటికెడు బెల్లం కలిపి ముద్ద చేసి, గుండు చుట్టూ మెత్తి, గాలాన్ని అందులో దాచేవాడు. ఒకసారి విసిరిన చోటే మళ్లీ మళ్లీ విసిరేవాడు. ముద్ద కరిగి అడుగున మేత పరుచుకుంటే ముందు పిల్ల చేపలు వచ్చి సందడి చేసేవి, ఆ సందడికి పెద్దది వచ్చేది. దారం మొదటిసారి అదరగానే వీరభద్రం ఎగిరి లేచాడు.

"కూసో సేటూ. అది రుచి చూత్తాంది, తింటలేదు," అన్నాడు గట్టయ్య. రెండో గుంజుకు గాని చెయ్యి ఎత్తలేదు. అంత నిదానం ఉన్న మనిషిని వీరభద్రం అంతకు ముందు చూడలేదు. తనకు ఆ నిదానంలో వీసమెత్తు కూడా లేదని అతనికి బాగా తెలుసు. గట్టయ్య భార్య సమ్మమ్మ లెక్క వేరు. "మా ఆయన నాతోని కన్న చేపలతోనే ఎక్కువ ముచ్చట పెడ్తడు," అని ఊరంతా చెప్పుకుని నవ్వేది. చెప్పుకున్నంత సేపూ ఆమె మొహంలో గర్వమే కనబడేది.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో హనుమకొండలో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. వీరభద్రం బొంబాయి నుంచి వీడియో గేమ్ పెట్టె ఒకటి తెప్పించి, పాత టీవీకి తగిలించి, అక్కడ డేరా వేశాడు. ఆట చేపలు పట్టే ఆట. తెర మీద నీలం నీళ్లు, రంగురంగుల చేపలు. ఒక మీట కదిపితే గాలం పడుతుంది. పచ్చ బటన్ నొక్కితే మేత రాలుతుంది, ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంటే దారం పైకి వస్తుంది. అన్నిటికంటే పెద్ద చేపను పైకి తీస్తే పెట్టెలో గంట మోగుతుంది.

గంట ఒక్కసారి కూడా మోగలేదు. కాలేజీ పోరగాళ్లు, గుమస్తాలు, కొత్తవాడ నుంచి వచ్చిన జంపఖానా నేతగాళ్లు అందరూ ఆడి చూశారు. పది రోజులు తిరిగేసరికి డబ్బా మోసమనీ, వీరభద్రమే లోపల వైరు తెంపాడనీ పుకారు లేచింది. దుకాణానికి వచ్చే గిరాకీ కూడా తమ రేడియోలో అసలు సామాను మార్చేశాడేమోనని అనుమానంగా చూడసాగింది. చివరికి ఎగ్జిబిషన్ కమిటీ పెద్ద, బట్టల దుకాణం రాజేశ్వర్ రావు, డేరాకు వచ్చి చెప్పేశాడు.

"ఆదివారం పొద్దుమీకే లోపట ఎవరన్న ఒక్కరు ఆ చేపను పట్టాలె భద్రం. లేకుంటె డేరా పీకుడే. జనం నన్నడుగుతాండ్రు."

వీరభద్రం అరిచాడు, ఒట్లు పెట్టాడు. నిజానికి ఆ పెట్టె మోసమో కాదో అతనికీ తెలియదు. జనం పోయాక తానే వందసార్లు ఆడి ఓడిపోయాడు. ఇరవై ఏళ్లుగా బజారులో నిలబెట్టుకున్న పేరు, తను విప్పి చూడలేని ఒక డబ్బా చేతిలో ఉంది. శనివారం పొద్దున్నే బస్సెక్కి గట్టయ్య ఇంటికి పోయి కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి గట్టయ్య డేరాలోకి వచ్చాడు. పొడుగాటి నల్లటి మనిషి, భుజం మీద తువ్వాల. వెనకాల జనం కిక్కిరిసి ఉన్నారు, ముందు వరుసలో రాజేశ్వర్ రావు. గట్టయ్య తెరను చాలాసేపు చూసి, "దీనికి అడుగున్నదా సేటూ?" అని అడిగాడు. వెనక ఎవరో పగలబడి నవ్వారు.

"నీడ నీళ్లల్ల పడ్తాంది. జర ఎనుకకు జరుగుండ్రి," అన్నాడు వాళ్లతో. వాళ్లు ఇంకా నవ్వారు గాని జరిగారు.

మొదటి ఐదు ఆటలూ అతను మేతే వేయలేదు. గాలాన్ని ఒక్కో చోట దింపుతూ పోయాడు. చేపలు కళ్ల ముందే తిరుగుతుంటే వాటిని దాటించి, తెర అడుగున నల్లగా ఉన్న పట్టీ దాకా దించాడు. అక్కడేమీ కనబడదు కాబట్టి అప్పటిదాకా ఎవరూ అంత కిందికి పోలేదు. గాలం ఆగిన ప్రతిసారీ పెట్టెలో టిక్కుమని చిన్న చప్పుడు. వేలికి తెలియాల్సింది ఇక్కడ చెవికి తెలుస్తోందని అతను కనిపెట్టేశాడు. ఎడమ పక్కన ఒక చోట ఆ చప్పుడు చాలా ఆలస్యంగా వచ్చింది.

"గీడ గుంత ఉన్నది," అన్నాడు.

ఆ తరువాత గాలం ఆ గుంతలోనే. పచ్చ బటన్‌ను అందరూ టపటపా నొక్కి మేతంతా ఒక్కసారే తెర నిండా చల్లేవాళ్లు. గట్టయ్య ఒకసారి నొక్కాడు, ఆగాడు. మళ్లీ అక్కడే ఒకసారి నొక్కాడు, ఆగాడు. పిల్ల చేపలు వచ్చి గుంత మీద మూగాయి. దారం వణికింది. "గుంజు, గుంజు!" అని జనం అరిచారు. అతను కదల్లేదు. పిల్ల చేపలు ఒక్కసారిగా చెదిరిపోయాయి. నల్ల పట్టీలోంచి ఎవరూ ఎన్నడూ చూడని పెద్ద చేప మూతి బయటికి వచ్చింది. దారం రెండోసారి బిగిసింది. అప్పుడు నొక్కాడు ఎర్ర బటన్.

డేరా దద్దరిల్లింది. వీరభద్రం పక్కవాణ్ని వాటేసుకున్నాడు. మోసం లేదు, డబ్బాలో మోసం లేదు! చేప కొంచెం కొంచెంగా పైకి వస్తోంది. నీళ్ల పైభాగానికి వేలెడు దూరంలో దాని ఒళ్లంతా కనబడింది. ఉబ్బిన పొట్ట, పొట్ట నిండా వరసగా పసుపుపచ్చ చుక్కలు.

గట్టయ్య బటన్ మీద నుంచి వేలు తీసేశాడు.

దారం వదులైంది. చేప తోక తిప్పుకుని మెల్లగా చీకట్లోకి దిగిపోయింది. 

"ఏం చేసినవ్ గట్టయ్యా!" అని గొంతు చించుకున్నాడు వీరభద్రం. "చేతికచ్చినదాన్ని ఇడ్సిపెడ్తవా?"

"గుడ్ల మీదున్నది సేటూ," అన్నాడు గట్టయ్య మామూలుగా. "వానలు పడే మిరుగం కార్తె ముందట గుడ్ల చేపను తియ్యొద్దు. మా తాత తియ్యలే, మా నాయిన తియ్యలే."

"అది బొమ్మ! గుడ్లు లేవు, ఏం లేవు. గాజు మీద బొమ్మ!"

"నాకు ఎర్కనే. కని చేతికి ఎర్కనా? ఇయ్యాల బొమ్మని తీస్తె, రేపు చెరువుల నిజందాన్ని తీత్తది."

వీరభద్రం గట్టయ్య చెయ్యి వైపు చూశాడు.  ఆ చెయ్యిని అతను పద్నాలుగేళ్లుగా ఎరుగును. ఒక చేప కోసం రోజంతా ఆగగలిగిన చెయ్యి, ఇంత జనం అరుపుల మధ్య, స్నేహితుడి పరువు పణంగా ఉన్నప్పుడు కూడా తప్పనుకున్న పని చేయలేదు. అతనికి కోపం పోయి సిగ్గేసింది.

రాజేశ్వర్ రావు గొంతు సవరించుకున్నాడు. "చేప అయితె కనబడ్డది భద్రం. కని గంట మోగలే. నేనన్న మాట గంట మాట."

"మోగలే రావు సాబ్, నిజమే," అన్నాడు వీరభద్రం. "డేరా పీకుమంటె పీకుత. మల్ల కూసోని ఆ చేపను తియ్యమని మాత్రం ఈ మనిషికి నేను చెప్ప."

రావు సాబ్ తెర వైపు చూశాడు, గట్టయ్య వైపు చూశాడు. పంచె సవరించుకుని స్టూలు ముందుకు లాక్కున్నాడు.

"ఆ గుంత యాడున్నదో నాకు చూపియ్యి గట్టయ్యా. పొట్ట మీద చుక్కలు లేనిది ఏదన్న వత్తదా?"

"వత్తది సాబ్. ముందుగాల ఆ బటన్ మీంచి చెయ్యి తియ్యుండ్రి. తొందర పనికిరాదు."

వీరభద్రం బయటికి వచ్చాడు. డేరా తాళ్లు విప్పడానికి, ఎందుకైనా మంచిదని తానే పొద్దుననే పిలిపించి ఉంచిన మనుషులిద్దరూ నీడలో కూర్చుని ఉన్నారు. ఇక పని లేదు, పొమ్మని వాళ్లకు చెప్పి, కళ్లు తుడుచుకోవడం వాళ్లు చూడకుండా మొహం అటు తిప్పుకున్నాడు.