ఆరు మేకల పెంటికలు

ఈ సంగతి ఇంతకాలం ఎందుకు రాయలేదంటే నాకు రాయడం రాదు. రిటైరైన రెండేళ్ళకు పెరంబూరులో మా వీధిలోని పంతులమ్మగారి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దాను. అంతకుముందు అంకెలు మాత్రం వచ్చు, బస్సు నంబర్ల పుణ్యమా అని. మిగతా అన్నిటికీ వేలిముద్రే.

చెన్నై శివార్లలో ఒక పశువైద్య పరిశోధన కేంద్రం మేకల విభాగంలో రోజుకూలి అటెండరుగా చేసేదాన్ని. ఇది జరిగేనాటికి నా రిటైర్మెంటుకు ఆరేళ్ళుంది. నన్ను పర్మనెంట్ చేసే ఫైలు పద్దెనిమిదేళ్ళు నడిచి నడిచి అప్పుడే పెద్దసారు బల్ల ఎక్కింది. ఆ నెలలోనే గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన డాక్టర్ అనూరాధగారికి ఒక పని అప్పజెప్పారు. మేకలకు ఏళ్ళ తరబడి పోస్తున్న నట్టల మందు ఇంకా పనిచేస్తోందో లేదో తేల్చాలి. పనిచేస్తోందంటే, పల్లెల్లో ఆడవాళ్ళ సంఘాలకు పంచబోయే మేకలకూ అదే మందు.

నట్టలు పేగుల్లో ఉంటాయి, కనబడవు. వాటి గుడ్లు మాత్రం పెంటికలతో బయటికొస్తాయి. పెంటికలను చిక్కటి ఉప్పునీళ్ళలో నలిపితే గుడ్లు పైకి తేలతాయి. ఆ నీళ్ళను గళ్ళు గీసిన గాజుపలకలో పోసి, మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కిస్తారు. మందు పోసేముందు ఒకసారి, పద్నాలుగో రోజు మరోసారి. నూటికి తొంభై అయిదు గుడ్లయినా తగ్గాలి. తగ్గకపోతే నట్టలు మందును లెక్కచేయడం మానేశాయన్నమాట. పదిహేను మేకలను తూచి, బరువుకు తగ్గ మందు పోశాం. పోల్చి చూడటానికి ఇంకో పదిహేనింటిని వదిలేశాం.

ఇందులో నా స్థానం మేక వెనక. నేలమీద పడ్డవి పనికిరావు, ఏది ఎవరిదో మేకలు చెప్పవు గనక. తొడుగు వేసుకున్న వేలితో లోపలి నుంచే తీసి, ఆ మేక చెవి బిళ్ళ నంబరున్న సీసాలో వేయాలి. అంత చదువులు చదివినవాళ్ళు నా వేలి మీద ఆధారపడి ఉన్నారని నాకు కొంచెం పొగరు కూడా.

పద్నాలుగో రోజు లోకల్ ట్రైను ఆలస్యమైంది. నేను చేరేసరికి మేకలన్నీ లేచి, చేయాల్సింది కాస్తా చేసేశాయి. మేక లేవగానే చూసుకునే మొదటి పని అదే. మందు తాగిన పదిహేనింటిలో ఆరింటి లోపల ఏమీ లేదు. వేలు ఎంత బతిమాలినా లేదు.

ఖాళీ సీసా పైకి పంపకూడదన్నది మా అటెండర్ల ఆచారం. పంపితే వంద ప్రశ్నలు. హెడ్ అటెండరు నాయుడన్న తాతల కాలం నుంచి వాషర్‌మెన్‌పేటవాడు, మాటా మద్రాసు తెలుగే. గుమ్మంలో నిలబడి కేకేశాడు.

"ఏం మే మంగా, ఆడేమన్నా తిరునాళ్ళా? ఈడ డాక్టరమ్మ కాసుకోనుండాది. పదకొండోవాడు మారాజు, అడిగినంత ఇస్తాడు. వాడివే తీసి ఆరింట్లోనూ ఎయ్యి."

పదకొండో నంబరు పోతు నిజంగానే ధారాళమైన మనిషి. ఆరు సీసాలూ నింపి, రిజిస్టరులో వేలిముద్ర వేశాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ నవ్వుకుంటూ వచ్చింది. "మంగమ్మగారూ, మందు బ్రహ్మాండంగా పనిచేసిందండీ! ఏడు సీసాల్లో ఒక్క గుడ్డు లేదు, మిగతా ఎనిమిదింట్లో ఒకటీ అరా. రిపోర్టు రేపే పంపించేస్తాను."

పదకొండోవాడి కడుపు అంత శుభ్రంగా ఉందన్నమాట. నేను మళ్ళీ మేకల దగ్గరికి వెళ్ళాను. ఆ ఆరింటిలో ఒకటైన నాలుగో నంబరు ఆడమేకకు దవడ కింద నీరు దిగి ఉంది. కంటి కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెలుపు. రక్తం తాగే నట్టలు లోపల కులాసాగా ఉన్నాయనడానికి అదే గుర్తు.

నాయుడన్నకు చూపించాను. "నోరు మూసుకో మే! చెప్పినావంటే పెద్దసారు నీ ఫైలుతో గాలి ఇసురుకుంటాడు ఇంక. మేకకేమన్నా పింఛనొస్తాదా? నీకొస్తాది," అన్నాడు. మాట అబద్ధం కాదు. కానీ ఆ పల్లెల్లో ఆడవాళ్ళకు తలా రెండు మేకలు ఇస్తారు. వాళ్ళ దగ్గర మైక్రోస్కోపు ఉండదు. మేక చచ్చాకే మందు సంగతి తెలుస్తుంది.

వెళ్ళి చెప్పేశాను. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "ఖాళీ సీసా పంపితే ఖాళీ అని రాసుకుంటానండీ! అదీ లెక్కే! ఏయే నంబర్లు?"

చెప్పాను. ఆ పేజీ కొట్టేసి, కారణం రాసి, కింద మళ్ళీ నా వేలిముద్ర తీసుకుంది. ఒక రోజు అటూ ఇటూ అయినా పరీక్ష చెడదు, రేపు మళ్ళీ తీయమంది.

ఫలితం ఇక్కడే చెప్పేస్తాను. ఆ ఆరింటిలో అయిదింటి గుడ్లు మందుకు ముందు ఎన్నో తర్వాతా ఇంచుమించు అన్నే. ఆ మందు ఆపి వేరేది తెప్పించారు. నా ఫైలు బల్ల దిగి, మళ్ళీ ఎక్కడానికి రెండేళ్ళు పట్టింది. పదకొండోవాడి పెంటికలు పదకొండోవాడి సంగతే చెబుతాయి. దీనికి మించి నేను నేర్చుకున్నది లేదు.

మర్నాడు మొదటి ట్రైనుకే వెళ్ళాను. మేకలు ఇంకా పడుకునే ఉన్నాయి. తొడుగు వేసుకుని నాలుగో నంబరు వెనక గొంతుక్కూర్చుని, అది లేచేదాకా కాచుకున్నాను. నీరసం మేక, తాపీగా లేచింది. దాని సీసా దానితోనే నింపాను.