బొట్టు తుడిచిన చెయ్యి

"...తగలెట్టమని ఆనాడే చెప్పాను, వదిన ఇన్లేదు. మా అన్నని మింగిన కేసెట్టురా అది."

"కేసెట్టు మింగుద్దా అత్తా? జెట్టీ మీద కాలు జారింది నాన్నకి."

ఆడపడుచు కనకరత్నం, కొడుకు గోపీకృష్ణ వాదించుకుంటున్నా సుధామణి కుట్టుమిషను ఆపలేదు. ఎదురుగా కో మ్యో కూర్చున్నాడు. పాత దెయ్యం సినిమాలు సేకరించే బర్మా మనిషి. ఆ కేసెట్టు కోసమే వచ్చాడు.

ఇరవై ఏళ్ళ కిందట తమ పేట మింగళ తౌంగ్‌న్యున్ కుర్రాళ్ళు కొందరు ఒక దెయ్యం సినిమా తీశారు. చచ్చిపోయిన భార్య వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే సుధామణి ఒప్పుకుంది. లైట్లు మోయడానికి భర్త అప్పయ్య వెళ్ళాడు. సినిమా ఎక్కడా ఆడలేదు. ఆ వానాకాలంలోనే అప్పయ్య పోయాడు. ముత్తయిదువ బొట్టు తుడుచుకుని శవంలా పడుకుంటే ఇంకేమవుతుందని కనకరత్నం అడిగింది. సుధామణికీ అదే అనుమానం. తీసిన కుర్రాడు ఊరొదిలిపోతూ ఇచ్చిన అసలు కేసెట్టును చీరల అడుగున పెట్టింది. ఒక్కసారీ చూడలేదు. బర్మా ఆడవాళ్ళలా బుగ్గలకు చెక్కగంధం పూసుకుంటుంది గాని నుదురు ముట్టుకోదు.

కో మ్యో చూసింది నకలుకు నకలు. పాటలు లేవు, కేకలు లేవు. వాన, కరెంటు పోయిన ఇల్లు, ఖాళీ మెట్లు. అందుకే తనలాంటివాళ్ళు దానికోసం వెతుకుతున్నారన్నాడు. అన్నిటికన్నా భయపెట్టేది మొదటి దృశ్యమట. పక్కనుంచి ఒక మగ చెయ్యి వచ్చి, పడుకున్న ఆమె బొట్టును బొటనవేలితో తుడిచి వెళ్ళిపోతుంది. మొహం కనపడదు. ఆ చెయ్యి ఎవరిదన్నది వాళ్ళలో ఎవరికీ తెలియదు.

మిషను ఆగింది. ఆ వేలు వంకరగా ఉందా అని సుధామణి బర్మా భాషలో అడిగింది. ఉందన్నాడు.

ఆ రోజు అద్దం దొరక్క, నవ్వుతూ అప్పయ్యే తుడిచాడు. కెమెరా అప్పటికే తిరుగుతోందని ఇద్దరికీ తెలియదు.

రేవులో తాడు బిగుసుకుని అన్న బొటనవేలు విరిగినప్పుడు కట్టు కట్టింది కనకరత్నమే.

"మా అన్న చెయ్యి వదినా. బయటోళ్ళు జడుసుకోడానికి ఇచ్చెస్తావేటి?"

సుధామణి సూదిలోంచి దారం తీసేసింది.

"గోపీ, రేపు ఆయన్ని వీసీఆర్ తెమ్మను. ఇక్కడే ఏసుకు చూద్దాం. నేను బొట్టెట్టుకు కూకుంటాను. తరవాత కేసెట్టు ఆయన్నే పట్టుకెళ్ళమను."