పద్దెనిమిది పంపుల గ్రీజు

వర్లిన్ స్ట్రౌడ్‌కు ఉచిత సలహా ఇవ్వడమంటే మహా సరదా. కొలరాడో కొండల్లో, బండి వెనక లాక్కెళ్ళే ట్రైలర్ ఇళ్ళవాళ్ళు మకాం వేసే ఆ క్యాంపులో ఎవరి కుళాయి కారినా, ఎవరి హీటరు మొరాయించినా ముందు హాజరయ్యేది అతనే. ముప్ఫయ్యేళ్ళు ట్రైలర్లు బాగుచేసి రిటైరైన మనిషి. డబ్బు ముట్టడు. పొగిడితే మాత్రం కాదనడు.

ఏటా మంచు కరగగానే గ్రీజు గన్ను పట్టుకుని పక్కింటి డెల్ఫా హాస్కెట్ ట్రైలర్ చక్రాలకు గ్రీజు కొట్టేవాడు. భర్త ఉన్నన్నాళ్ళూ డెల్ఫా స్టీరింగు ముట్టుకోలేదు. ఆయన పోయాక, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, పికప్ వెనక ట్రైలర్ తగిలించుకుని ఖాళీ మైదానంలో డ్రైవింగు నేర్చుకుంది. ఆరెగాన్‌లో ఉన్న అక్క ఆర్డిత్ గుమ్మం ముందు తన ఇల్లు తానే లాక్కొచ్చి నిలపాలని ఆమె పంతం.

రేపు ప్రయాణమనగా, శనివారం పొద్దున వర్లిన్‌ను పిలిచింది.

"బ్రేకు తొక్కితే ట్రైలర్ ఆగకుండా నన్నే ముందుకు తోస్తోంది. కాస్త చూడరాదూ?"

అతను చూశాడు. బ్యాటరీ, ప్లగ్గు, వైర్లు అన్నిటికీ మీటరు పెట్టాడు. ఆ ట్రైలర్ బ్రేకులు కరెంటుతో పట్టేవి; చక్రాల దాకా కరెంటు చక్కగానే వెళ్తోంది. ఇక మిగిలింది చక్రాలు ఊడదీసి డ్రమ్ముల లోపల చూడడం. నాలుగు చక్రాలు, పూట పని. అవతల పొయ్యి మీద మాంసం, చిక్కుడుగింజలు వేసిన అతని చిల్లీ కుండ ఉడుకుతోంది. సాయంత్రం క్యాంపులో వంట పోటీ. రెండేళ్ళుగా మొదటి బహుమతి నీలం రిబ్బను అతనిదే.

పికప్ స్టీరింగు కింద, ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపే పెట్టె నాబ్‌ను ఆరు నుంచి తొమ్మిదికి తిప్పేశాడు.

"అంతే! బరువుకు తగ్గ కరెంటు అందట్లేదు."

"ఎవరి బరువుకయ్యా?"

"ట్రైలర్ బరువుకు తల్లీ, నా మీద పడకు!"

చదును రోడ్డు మీద రెండుసార్లు ఆపి చూసింది. ఆగింది. రిబ్బను ఆ ఏడూ వర్లిన్‌కే వచ్చింది.

మర్నాడు కనుమ దిగుతుంటే ట్రైలర్ ఆగలేదు. వెనకనుంచి తోసుకొచ్చేస్తుంటే, బ్రేకులు పోయిన లారీల కోసం వేసిన గులకరాళ్ళ దారిలోకి డెల్ఫా బండి తిప్పేసింది. ఒంటికి దెబ్బ తగల్లేదు కానీ గుండె చెదిరిపోయింది.

"బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగి ఉంటావు. వేడెక్కి పట్టు వదిలేస్తాయి మరి! గేరు తగ్గించుకోవాలి కదా," అన్నాడు వర్లిన్. ఆమెతోనే కాదు, అడిగినవాళ్ళతోనూ అడగనివాళ్ళతోనూ అన్నాడు. డెల్ఫా తలొంచుకుని విన్నది. నెల తిరక్కుండా ట్రైలర్ అమ్మేసి క్యాంపు ఆఫీసు పైగదిలోకి మారింది. కనీసం బస్సెక్కి రమ్మని ఆర్డిత్ ఫోన్లో బతిమాలింది. అంత గొప్పగా చెప్పుకుని బస్సులో దిగడానికి మొహం చెల్లక, "వచ్చే ఏడు చూద్దాంలే అక్కా," అంటూ వచ్చింది డెల్ఫా. ఆ చలికాలమే ఆర్డిత్ పోయింది.

మరుసటి వసంతంలో ఆ ట్రైలర్ కొన్న రాయ్స్ దాన్ని వర్లిన్ దగ్గరికి తెచ్చాడు. రాయ్స్ గుర్రాలకు నాడాలు వేసే మనిషి.

"దీని బ్రేకులు నేను కొన్ననాటినుంచీ అంతంత మాత్రమే పెద్దాయనా."

ఆరోజు పొయ్యి మీద ఏ కుండా లేదు. వర్లిన్ డ్రమ్ము ఊడదీశాడు. లోపలంతా గ్రీజు. డ్రమ్మును పట్టుకోవలసిన అయస్కాంతం జిడ్డోడుతోంది. బ్రేకు షూలు నానిపోయాయి. గ్రీజు బయటికి రాకుండా ఆపే వెనక రబ్బరు సీలు పైకి లేచి ఉంది. జాకీ మీద ఎత్తి, చక్రం తిప్పుతూ మెల్లగా గ్రీజు ఎక్కించాలి. లేకపోతే అది సీలును తోసుకుని బ్రేకుల్లోకి పోతుంది. ఎందరికో అతనే చెప్పిన మాట అది. డెల్ఫాతో కబుర్లాడుతూ, చక్రం నేల మీదే ఉంచి, ఒక్కోదానికి పద్దెనిమిది పంపులు కొట్టింది కూడా అతనే.

ఆ అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టుకుని పైగదికి వెళ్ళాడు. అంతా చెప్పాడు. గ్రీజు సంగతీ, చిల్లీ కుండ సంగతీ, దేన్నీ దాచలేదు.

డెల్ఫా ఆ జిడ్డును వేలితో తాకింది.

"అయితే నా కాలు వల్ల కాదా?"

"కాదు డెల్ఫా. కనుమలో నువ్వు చేసిందంతా సరిగ్గానే చేశావు."

ఆమె వేలు గుడ్డకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"ఆఖరిసారి ఫోన్లో మా అక్క నన్నడిగింది, ఎందుకు రావట్లేదే అని. నాకు చేతకాలేదక్కా అన్నాను. ఆ మాటే నిజమనుకుని పోయింది వర్లిన్."