హెడ్ క్లర్కు గారి నవ్వు

ధవళేశ్వరంలో నేను గుమాస్తాగా చేసిన ఆఫీసులో ఒక హెడ్ క్లర్కు గారుండేవారు. ఎవరైనా జోకు చెబితే ముందు ఆఫీసరు గారి మొహం చూసేవారు. అక్కడ పళ్లు కనిపిస్తేనే ఈయనా నవ్వేవారు, అదీ ఆఫీసరు గారికన్నా ఒక పన్ను తక్కువగా. హాస్యంలోనూ సీనియారిటీ పాటించిన మహానుభావుడు.

ఒక ఉగాదికి ఆఫీసులో సభ పెడితే నేను రాసిన వ్యంగ్య కథ చదివాను. అందులో ఒక రాజు వరదకి నోటీసు పంపిస్తాడు. వరద జవాబివ్వకుండా నేరుగా కోటలోకే వచ్చేస్తుంది. అయినదానికీ కానిదానికీ నోటీసులిచ్చే మా ఆఫీసరు గారు నవ్వలేదు. హెడ్ క్లర్కు గారు రాతిబొమ్మలా కూర్చున్నారు. ఆయన్ని చూసి హాలంతా నోరు మూసుకుంది. మర్నాడు నాకు మెమో వచ్చింది.

ఆ సాయంత్రం రాజమండ్రి బస్సులో ఆయన నా పక్కనే కూర్చున్నారు. బస్సు కదిలిందో లేదో, పొట్ట పట్టుకుని ఒకటే నవ్వు.

"వరదకి నోటీసేంటండీ బాబూ!"

"మరి నిన్న నవ్వలేదేంటండీ?" అన్నాను ఉక్రోషంగా.

"నిన్న డ్యూటీలో ఉన్నానండి," అంటూ కళ్లు తుడుచుకున్నారు. "ఆ మెమో టైపు చేసింది నేనే. దానికి జవాబు కూడా నేనే రాసిస్తాను. మీరు రాస్తే మళ్లీ నవ్వొస్తుంది."